పలక అడుగున నా పేరు

ఏ పలక మొదలుపెట్టినా అడుగు వరుసలో ముందు మన పేరు చెక్కుకోవాలని మా నాన్న నేర్పాడు. గొప్ప కోసం కాదు. నల్లరాయి పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల ఎక్కడ జీర ఉందో, ఎక్కడ పెచ్చు లేస్తుందో ఉలి దిగితేగాని తెలియదు. లేచే పెచ్చేదో మన పేరు మీద లేవాలి గాని పరాయివాళ్ళ పేరు మీద, అందులోనూ పోయినవాళ్ళ పేరు మీద లేవకూడదు. "మొదటి దెబ్బ మనం తినాలిరా" అనేవాడు. ఎంత మంచి పద్ధతి! అంత మంచి పద్ధతిని పట్టుకుని నేనెంత పాడు పని చేశానో చెబుదామనే ఇది రాస్తున్నాను. ఎవరూ రాయమనలేదు. రాస్తే బరువు తగ్గుతుందన్న ఆశ కూడా లేదు.

మా షెడ్డు కొవ్వూరులో, ఏటిగట్టు దిగగానే ఉండేది. తొంభైల్లో మా దగ్గరికి మెషీన్లు ఇంకా రాలేదు, అంతా చేతిపనే. సమాధుల మీద పలకలు, గుడి మెట్లకి దాతల పేర్లు, స్కూలు గదుల ప్రారంభోత్సవాలు, ఇవే మా కూడు. మా డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే గాని రాయి పుట్టదు. లారీ మీద బయటి జిల్లాల నుంచి రావాల్సిందే. అందుకేనేమో మావాళ్ళకి రాయంటే గౌరవం. కాగితం మీద రాసింది నమ్మరు గాని, రాయి మీద పడిందంటే మాత్రం ఇక తిరుగులేదనుకుంటారు.

ఒక ఏడాది వరదకి కొవ్వూరుకి దిగువన ఏటి మధ్యనున్న ఒక లంక ఊరు మునిగింది. ఆ ఊరి పెద్దరైతుకి ఒక్కడే తమ్ముడు, ఇంకా పెళ్ళి కాలేదు. ఆ తమ్ముడు ఇంట్లో పనిచేసే పాలేరుని వెంటబెట్టుకుని, పడవ వేసుకుని మునిగిన వీధుల్లోకి వెళ్ళాడు. మూడు విడతలు జనాన్ని గట్టుకి చేర్చారు. నాలుగో విడతలో ఏదో దుంగ కొట్టుకొచ్చి పడవని తాకింది. పడవ తిరగబడేలోగా ఇద్దరూ కలిసి ఆడవాళ్ళనీ పిల్లల్నీ కొబ్బరిచెట్లకి అందించారట. అందుకున్నవాళ్ళంతా బతికారు. అందించిన ఇద్దరూ పోయారు. తమ్ముడి శవం రెండోనాడు దొరికింది. పాలేరుది దొరకనే లేదు.

మరుసటి వేసవిలో ఆ రైతు మా షెడ్డుకి వచ్చాడు. ఊరంతా కలిసి రేవులో పలక నిలబెట్టాలనుకుంటున్నారని చెప్పాడు. పైన పడవ బొమ్మ ఉండాలి, పడవలో ఇద్దరూ ఉండాలి, కింద పేర్లుండాలి. తమ్ముడి ఫొటో జేబులోంచి తీసి ఇచ్చేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు. పాలేరుకి ఫొటో అంటూ లేదు, మనిషి ఎప్పుడూ తీయించుకోలేదట. వాడి భార్యని పంపిస్తాను, పోలికలు అడిగి తెలుసుకోండి అన్నాడు.

రెండు రోజులకి ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏడుస్తుందేమో, ఎలా ఊరుకోబెట్టాలిరా దేవుడా అని నేను ముందే కంగారుపడ్డాను గాని, ఆవిడ ఏడవలేదు. తలగుడ్డ కొస ఎడమచెవి మీదకి వేలాడేదని చెప్పింది. గడ్డం కింద చిన్న గంటు ఉండేదంది. పడవ గెడ ఎలా పట్టేవాడమ్మా అని అడిగితే, మూలనున్న సరుగుడు బాదు తీసుకుని తనే పట్టి చూపించింది. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ఎడమచేతివాటం మనిషన్నమాట. అది నాకు ఎవరు చెబుతారు? ఆవిడ అలా నిలబడి ఉండగానే సుద్దతో నేల మీద గీసుకున్నాను. ఆ గీతని చూసి ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"పేరు కూడా ఏత్తారు కదండీ?"

"ఎందుకు వెయ్యనమ్మా, వేస్తాను."

"ఆయన దొరకలేదు కదండీ. కాల్చిన చోటంటూ లేదు నాకు. ఇంక ఆ పేరున్న చోటే ఆయనున్న చోటండి."

అంత విడమరిచి చెప్పింది. నాకు తెలియక చేశాను అనుకోవడానికి కూడా వీలు లేకుండా చెప్పింది.

నాన్న నేర్పిన ప్రకారం అడుగు వరుసలో నా పేరూ, ఊరి పేరూ ముందు చెక్కాను. రాయి బంగారం. ఒక్క పెచ్చు లేవలేదు. తర్వాత పడవ మొదలుపెట్టాను. ముందు వైపు తమ్ముడు వంగి చెయ్యి చాచి, వెనక పాలేరు గెడ మీద బరువంతా వేసి. ఇరవై రోజులు దాని మీదే ఉన్నాను. నా చేతిమీదుగా అంత పని అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. గెడ నీళ్ళలోకి దిగిన చోట సుడి తిరుగుతున్నట్టు కుదిరింది. దారినపోయేవాళ్ళు షెడ్డులోకి తొంగిచూసి వెళ్ళేవారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

బొమ్మ కింద తమ్ముడి పేరు, జరిగిన సంగతి నాలుగు వరుసల్లో, ఆ తర్వాత చందాలిచ్చిన దాతల పేర్లు, అన్నిటి కిందా విడిగా కనబడేలా పాలేరు పేరు. రైతు ఇచ్చిన కాగితంలో వరస అది. దాతల పేర్ల దాకా వచ్చేసరికి ఆయన మళ్ళీ వచ్చాడు, ఇంకో నలుగురి పేర్లు తెచ్చాడు. రావులపాలెం అరటి మార్కెట్టు వాళ్ళట, కాదనలేని మనుషులట. ఏదోలా సర్దండి ఆచారిగారూ అన్నాడు. కొలిచి చూశాం. ఆ నలుగురూ ఎక్కితే పాలేరు పేరుకి చోటు లేదు. ఆయన వంగి, వేలితో అడుగు వరుస చూపించాడు.

"ఇదెవరి పేరండీ?"

"నాదేనండి."

"ఇది తీసేసి, ఇక్కడ మా పాలేరు పేరు వెయ్యడం కుదరదంటారా?"

కుదురుతుంది. ఎందుకు కుదరదు? ఆ వరుస వెడల్పున రాయిని కాస్త లోతుకి దించి, నునుపు పెట్టి, మళ్ళీ చెక్కితే సరి. ఒక్క పూట పని. అది నాకు తెలుసు, ఆయనకి తెలియదు. కానీ ఆవిష్కరణకి రాజమండ్రి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, పేపరువాళ్ళు ఫొటోలు తీస్తారు, నా జన్మకి ఒక్కసారి కుదిరిన బొమ్మ అది. దాని కింద నా పేరు లేకుండా పోతుందని నా ప్రాణం కొట్టుకుంది.

"తీస్తే రాయి నెర్రె కొడుతుందండి. బొమ్మదాకా పాకినా పాకుతుంది" అన్నాను.

ఆయన భయపడ్డాడు. తమ్ముడి మొహం వైపు చూసుకున్నాడు. పాలేరు పేరుతో చిన్న పలక వేరే చేసి పక్కన నిలబెడదాం, ఆ పని నేనే చేసి తెస్తాను అని నేనే దారి చూపించాను. "ఆయ్, అలాగే కానివ్వండి, మర్చిపోకండి మరి" అని వెళ్ళిపోయాడు. మర్చిపోతే బాగుండేది. గుర్తుండి కూడా చెయ్యకపోయానే, అదీ నా సంగతి. వారం తిరక్కుండా వేరే పనులు మీద పడ్డాయి. ఆయన ఆ ఊళ్ళో పొలాలు కౌలుకిచ్చి, చెరువుల వ్యాపారమని భీమవరం వైపు వెళ్ళిపోయాడు. ఇక అడిగే నాథుడు లేడు.

ఆవిష్కరణ రోజున చెప్పాల్సిన మాటలన్నీ చెప్పి, పెద్దవాళ్ళంతా భోజనాలకి వెళ్ళారు. పలక అడుగున సిమెంటు ఆరిందో లేదో చూస్తూ నేనొక్కణ్ణే రేవులో ఉన్నాను. ఆవిడ వచ్చింది. పడవ బొమ్మని చాలాసేపు చూసింది. గెడ మీది ఎడమచెయ్యిని తాకి, "ఆయనేనండి" అంది. నేను పొంగిపోయాను. ఆ పొంగు తగ్గకముందే అడిగింది.

"ఆచారిగారండీ, పేరెక్కడుందో కాస్త చూపించండి. నాకు చదువు రాదు కదండీ."

అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మా, చోటు చాలలేదు, వేరే పలక చేస్తున్నాను అంటే ఆవిడేమన్నా నన్ను కొడుతుందా? నా వేలు దానంతటది కిందకి వెళ్ళి అడుగు వరుస మీద ఆగింది.

"ఇదిగోనమ్మా" అన్నాను.

నా పేరు అది. ఆవిడ గొంతుక్కూచుని, మొదటి అక్షరం దగ్గర్నుంచి చివరిదాకా వేళ్ళతో నిమిరింది. "అడుగునుంటేనే నయమండి, నా చేతికి అందుతాది" అంది. తల ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం పుచ్చుకుని భోజనానికి వెళ్ళాను. పప్పు, ఆవకాయ, గారెలు, అన్నీ తిన్నాను. సిగ్గులేని జన్మ.

అయిదేళ్ళకి పలక మీద అక్షరాల్లో రంగు పోయిందని పంచాయతీ నుంచి కబురొచ్చింది. రంగు డబ్బా పట్టుకుని పడవెక్కాను. దాతల పేర్లన్నీ బోసిపోయి ఉన్నాయి. అడుగు వరుస మాత్రం పసుపు ముద్దయిపోయి ఉంది. ఒక్కో అక్షరంలో పొరలు పొరలుగా పసుపు, మధ్యమధ్య కుంకుమ బొట్లు, ఎండిన బంతిపూలు, ముందు ఒక అరిటాకు ముక్క. పక్కన బట్టలు ఉతుక్కుంటున్నావిడ చెప్పింది. పాలేరు భార్య వరదలొచ్చిన రోజున ఏటా ఇక్కడికొచ్చి పసుపు పూసి, అన్నం ముద్ద పెట్టి వెళుతుందట. చూసేవాళ్ళంతా గడపకి పెట్టినట్టు పలక పాదానికి పెట్టుకుంటోందనుకున్నారు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళకి కూడా తమ ఇంటి పేరు ఎక్కడుందో చూసుకోవడమే గాని, అడుగు వరుస చదివే ఓపిక ఎక్కడిది? రంగు వెయ్యాలంటే ముందు అక్షరాలు శుభ్రం చెయ్యాలి. మేకుతో ఆ పసుపంతా గీకాను. గీకుతుంటే నా పేరే బయటపడుతూ వచ్చింది.

ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను, సగమే చెప్పాను. ఎవరో ఆడమనిషి నా పేరుకి ఏటా పసుపు పూసి ముద్ద పెడుతోందన్నాను. మా అమ్మ గుండెలు బాదుకుంది. "బతికుండగానే నీకు తద్దినం పెడుతోందట్రా!" అని ఆ కనపడని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా చుట్టూ తిప్పింది. దిష్టి తీసి, చేతులు కడుక్కుని వచ్చాక అడిగింది, అసలు నీకెందుకు పెడుతోందిరా అని. అప్పుడు మిగతా సగం చెప్పక తప్పలేదు. 

"ఆవిణ్ణి అనవసరంగా తిట్టాను" అంది మా అమ్మ. "ఆ మనిషికి పెట్టిన ముద్ద నువ్వు తింటున్నావురా."

ఆ మాట అన్న దగ్గర్నుంచి కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. మా అమ్మ కూడా వదల్లేదు. అన్నం వడ్డిస్తూ, "వెళ్ళొచ్చావా?" అనేది. వెళ్తానమ్మా అనేవాణ్ణి. అప్పటికి మెషీన్లు వచ్చాయి, కంప్యూటరులో అక్షరాలు కొట్టి స్టిక్కరు అంటించి ఇసక చిమ్మితే గంటలో పలక తయారు. పని తగ్గింది, తీరిక పెరిగింది. అయినా వెళ్ళలేదు. ఆవిడ మొహం చూడాలంటే నాకు భయం. ఇంత గడ్డం, మీసం ఉన్న మగాణ్ణి, చదువురాని ఒక ఆడమనిషికి భయపడి రెండేళ్ళు ఆ లంక వైపు వెళ్ళలేదు.

ఆ రెండేళ్ళు గడిచాక మా అమ్మ పోయింది. పదో రోజున గోష్పాద రేవులో పిండం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాకులు చెట్టు మీద బోలెడన్ని ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఆవిడకి తీరని కోరికేమైనా ఉందేమో, తీరుస్తామని చెప్పండర్రా అని చుట్టాలు తలో మాట అందుకున్నారు. మనవరాలి పెళ్ళి బాగా చేస్తామన్నారు, ఆవుని ఎవరికీ అమ్మబోమన్నారు, ఏవేవో అన్నారు. నాకు మాత్రం తెలుసు. అందరూ వింటుండగానే, "అమ్మా, ఆ పేరు చెక్కేస్తాను" అన్నాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాకి దిగింది. నా మాట విని దిగిందో, ఆకలేసి దిగిందో నేను చెప్పలేను. నేను మాత్రం ఏడ్చాను.

మైల తీరిన మర్నాడే పొద్దున్నే ఉలులు, సుత్తి, నునుపురాళ్ళు సంచిలో వేసుకుని లంకకి వెళ్ళాను. ఆవిడ ఇల్లెక్కడో అడగలేదు. ముందు పని పూర్తిచేసి, అప్పుడు వెళ్ళి పిలుచుకొద్దామనుకున్నాను. పలక ముందు కూర్చుని, నా పేరు మొదటి అక్షరం మీద ఉలి పెట్టి కొట్టాను. ఆ చప్పుడు అరటితోటల్లోకి వినబడినట్టుంది. రెండో అక్షరం సగంలో ఉండగా నా పక్కన నీడ పడింది. నెత్తి మీద గంపతో ఆవిడే. జుట్టు సగం నెరిసింది.

"ఇన్నాళ్ళకొచ్చేరా ఆచారిగారూ?" అంది.

నేను లేవలేదు, తల కూడా ఎత్తలేదు. అమ్మా, ఇది మీ ఆయన పేరు కాదు, అని మొదలుపెట్టాను.

"తెలుసండి."

గంప దించి, పలకకి ఆ పక్కన కూర్చుంది. తాపీగా చెప్పింది. ఆడవాళ్ళ పొదుపు సంఘంలో వేలిముద్ర కాదు సంతకం పెట్టాలన్నారట. మధ్యాహ్నాలు స్కూలు వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పారట. తన పేరు రాగానే మొగుడి పేరు నేర్పించుకుందట. అది వచ్చిన రోజునే, చదువుకుందామని పలక దగ్గరికొచ్చిందట.

"మొదటి అచ్చరమే కలవలేదండి. నాకే సరిగ్గా రాలేదేమో అనుకుని, ఎల్లి పలకా బలపం తెచ్చుకున్నాను. ఒక్కో అచ్చరం దించుకుని పంతులమ్మగారికి చూపించాను. ఆవిడ చదివి చెప్పింది."

"ఎప్పుడమ్మా ఇది?"

"మూడేళ్ళు దాటిందండి."

మూడేళ్ళు. నేను రంగు వెయ్యడానికి వచ్చింది రెండేళ్ళ కిందట. అంటే నేను మేకుతో గీకిన ఆ పసుపులో పైపొర, నిజం తెలిశాక పూసినదే.

"తెలిసి కూడా మళ్ళీ ఎందుకు పెట్టావమ్మా?"

"అంతకుముందంతా ఆయనకని పెట్టేనండి. తెలిశాక మీకే పెట్టేను. చచ్చినోడి చోట్లో కూకున్నాక ఆడూ చచ్చినోడే కదండీ."

కోపంగా అనలేదు. కూర ధర చెప్పినట్టు చెప్పింది. మా అమ్మ మొదట గుండెలు బాదుకుని అన్న మాటే నిజం. నేను వంద తిట్లకి సిద్ధపడి వచ్చాను, ఈ మాటకి సిద్ధపడలేదు. రైతుకి అబద్ధం చెప్పానని, రాయి నెర్రె కొట్టదని, పేపర్లో నా పేరు పడాలన్న పాపిష్టి ఆశతో చేశానని, అన్నీ కక్కేశాను. తప్పయిపోయింది తల్లీ అని చేతులు జోడించాను. ఆవిడ నా చేతుల వైపు చూసి, "పని కానివ్వండి" అంది.

నా పేరూ, ఊరి పేరూ మొత్తం చెరిపి, లోతు దించి, నునుపు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. నెర్రె కాదు కదా, ఒక్క పెచ్చు కూడా లేవలేదు. ఆవిడ కూలికి పోకుండా అక్కడే కూర్చుంది. పేరు గీయడానికి నేను సుద్దముక్క తీస్తే చెయ్యి చాచింది.

"నేను రాత్తానండి. మీరు దాని మీదే చెక్కండి."

నేలకి దాదాపు ఆనుకుని, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరమే రాసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, తలకట్లు వాలిపోయి, వరుస చివరికొచ్చేసరికి మీదకి ఎక్కిపోయింది. ముప్పై ఏళ్ళుగా అక్షరం నిలబెట్టడం తప్ప మరో పని తెలియని చెయ్యి నాది. వాలిన తలకట్టుని సరిచెయ్యబోయి సుద్ద అందుకున్నాను. "ఆగండి" అంది. ఆగాను. ఆవిడ రాసినది రాసినట్టే చెక్కాను. ఉలి పట్టిన దగ్గర్నుంచి అంత భయంగా ఏ అక్షరమూ చెక్కలేదు.

పొడి ఊదేశాక ఆవిడ దగ్గరికి జరిగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొగుడి పేరు పైకి చదివింది. రెండుసార్లు చదివింది. నేను అటు తిరిగి ఉలులు సంచిలో సర్దుకున్నాను.

కళ్ళు తుడుచుకుని లేచాక, పలకని పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది.

"మీ పేరు దీని మీద ఇంకెక్కడా లేదు కదండీ?"

"లేదమ్మా."

"అయితే ఇంక మీకు పెట్టక్కర్లేదు" అని, గంప నెత్తికెత్తుకుని అరటితోటలోకి వెళ్ళిపోయింది.

ఆవిడ తిరిగొచ్చి, పోనీలెండి అని ఒక్క మాట అంటుందేమోనని పడవ కదిలేదాకా రేవులోనే నిలబడ్డాను.